పాలు మానేశారా?

నాడి నిమిషానికి నూట ఇరవై రెండు. సిస్టర్ నా మణికట్టు వదిలేసి, గోడ గడియారం వంక చూసి, నమ్మకం కుదరక మళ్ళీ పట్టుకుంది. ఈసారి నూట ఇరవై నాలుగు వచ్చింది. కూర్చుంటేనే ఇంతుంటే నడిస్తే ఎంతవుతుందోనని ఆవిడ బెంగ. నా ఉద్యోగంలో నడక తక్కువ, పరుగే ఎక్కువ అని నేను చెప్పలేదు.

గురువారం, పొద్దున తొమ్మిదీ నలభై. సాయంత్రం నాలుగింటికి టైలరింగ్ షాపులో ఇస్త్రీ చేసే అతన్ని కోర్టులో నిలబెట్టి జైలుకి పంపేస్తారు. ఈలోగా అతను హత్య చెయ్యలేదని చూపించే ముక్క ఒక్కటైనా పట్టుకురమ్మని వకీలు గారు నన్ను తరిమారు. ఆయన దగ్గర ఆరాలు తీసే డిటెక్టివ్‌ని నేను. పట్టుమని పది కేసులు కూడా చూడలేదు.

జరిగింది చెప్పుకుంటే చాలా చిన్నది. నిన్న, బుధవారం, సరిగ్గా పదకొండింటికి టైలరింగ్ షాపులో కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మేడ మెట్ల మీంచి మనిషి దొర్లిన చప్పుడు పక్కనున్న గుండీల కొట్టు ముసలాయన స్పష్టంగా విన్నాడు. పడింది షాపు యజమానురాలు. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. మెడ వెనక గోళ్ళ గీతలున్నాయి, కాబట్టి జారి పడలేదు. ఆ సమయానికి వెనక సందులో బొగ్గులు రాజేసుకుంటున్నానని ఇస్త్రీ అతనంటాడు. చూసినవాళ్ళు లేరు. ముందురోజే ఒక రవిక కాల్చినందుకు పెద్దమ్మ అతన్ని నలుగురిలో కడిగేసింది. ఇన్‌స్పెక్టర్‌కి అది చాలు.

నాకు చాలలేదు. పెద్దమ్మకి ఒక చెల్లెలుంది. షాపులో చిన్నమ్మ అంటారు. ముప్ఫై మూడేళ్ళు, పెళ్ళీ పిల్లలూ లేరు. అక్క కత్తెర ఎప్పటికైనా తన చేతికే వస్తుందని పదిహేనేళ్ళుగా కాచుకుని కూర్చుంది. మంగళవారం సాయంత్రం పెద్దమ్మ ఆ కత్తెర తీసి, కాజాలు కుట్టే అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ కాజాలమ్మాయి ఇస్త్రీ అతని పెళ్ళామే. రేపట్నుంచి కటింగ్ బల్ల దగ్గర నిలబడేది నువ్వేనని పెద్దమ్మ అందరిముందూ చెప్పిందట. చిన్నమ్మ ఎదురింటి మేడ మీది తన గదికి వెళ్ళి తలుపేసుకుందట.

కోపమైతే ఉంది. కానీ చిన్నమ్మకి ఒక కాగితం ఉంది. ఆవిడకి నా జబ్బే. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పిచ్చెక్కినట్టు పని చెయ్యడం. బుధవారం పదకొండూ అయిదుకి ఆవిడ ఇదే ఆసుపత్రిలో, ఇదే గదిలో మందు మింగినట్టు ముద్ర ఉంది. షాపు నుంచి ఇక్కడికి నలభై నిమిషాల దూరం. ఒక మనిషి రెండు చోట్ల ఉండదు. అందుకే నా వైద్యం పేరు చెప్పుకుని ఇక్కడికొచ్చి కూర్చున్నాను. వైద్యం నిజంగానే కావాలి, అది వేరే సంగతి. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. చెమటలు, నిద్ర లేదు, కాఫీ గ్లాసు పట్టుకుంటే చప్పుడవుతుంది. ఆపరేషన్ వద్దన్నాను. మిగిలిన దారుల్లో ఏదో ఒకటి తేల్చుకు రమ్మని డాక్టర్ గారు పంపారు.

సిస్టర్ కూరగాయల బేరంలా చెప్పుకొచ్చింది. మొదటిది రోజూ మింగే మాత్ర. గ్రంథి పనిని తగ్గిస్తుంది. కుదురుకోడానికి వారాలు పడుతుంది, ఏడాదో ఏడాదిన్నరో వాడాలి, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. ఆపాక సగంమందికి జబ్బు తిరిగొస్తుంది. వాడే రోజుల్లో జ్వరం, గొంతునొప్పి వస్తే జలుబే కదా అనుకోకూడదు. అరుదుగా ఈ మందు రక్తంలోని తెల్లకణాల్ని పడగొడుతుంది. అప్పుడు మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండోది గుండెదడ మాత్ర. చెయ్యి వణుకు, దడ గంటలో తగ్గుతాయి.

"కానీ అది జబ్బు మీద దుప్పటి కప్పడమేనమ్మా. దుప్పటి కింద గ్రంథి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది."

మూడోది రేడియో అయోడిన్. ఒక్క క్యాప్సూల్, ఒక్కసారి మింగడం. గ్రంథి అయోడిన్ అనుకుని ఆశగా లాగేసుకుంటుంది, లోపల్నుంచి కాలుతుంది. ఫలితం మర్నాడు కనపడదు, వారాలు, ఒక్కోసారి నెలలు. తర్వాత చాలామందికి గ్రంథి పూర్తిగా మందగించి, జీవితాంతం ఇంకో మాత్ర వేసుకోవాల్సొస్తుంది. మింగే ముందు అయిదారు రోజులు రోజువారీ మాత్ర ఆపాలి. అయోడిన్ ఉప్పు, పాలు తగ్గించాలి. మింగాక కొన్నాళ్ళు చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు, పక్కలో పడుకోబెట్టుకోకూడదు.

అక్కడే నా పని అయిపోయింది. మా పాపకి మూడేళ్ళు. నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోదు. వారం పాటు తలుపవతల నిలబడి అమ్మా అంటుంటే నేనేం చెయ్యాలి? పోనీ మాత్రలే అంటే, ఏడాదిన్నర పాటు ప్రతి జలుబుకీ గుండె గుప్పెట్లో పెట్టుకుని బతకాలి.

ఏది తేల్చుకున్నా ముందు నింపాలంటూ సిస్టర్ ఫారం తీసింది. పేరు, పుట్టిన తేదీ. పిల్లలెంతమంది? ఒక పాప. కడుపుతో లేరు కదా? లేను. ఉప్పు మానేశారా? డాక్టర్ గారు చెప్పినప్పుడే మానేశాను.

"పాలు మానేశారా?"

"టీలోకి మాత్రం కాసిని పోసుకుంటున్నాను సిస్టర్."

ఆవిడ కలం కింద పెట్టి నవ్వింది. "మీరు తాగే పాలు కాదమ్మా, పాపకిచ్చే పాలు. ఇది మింగితే మందు పాలలోకి దిగుతుంది. పసిబిడ్డ గ్రంథి ఎంతుంటుంది, గోరంత. అందుకే నెలన్నర ముందే మాన్పించి ఉండాలి." పాప ఎప్పుడో మానేసిందన్నాను. సిగ్గేసి నేనూ నవ్వాను.

వచ్చేముందు మందు ఎలా ఇస్తారో చూపించమన్నాను. నా పిడికిలంత సీసపు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది, బల్ల అదిరింది. అందులోంచి చిన్న గొట్టంతో నేరుగా నోట్లోకి వంచుకోవాలి. నర్సు గానీ రోగి గానీ మందుని చేత్తో ముట్టరు. చిన్నమ్మ గురించి అడగబోయాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదంటూ ఆవిడ ఫారం మూసేసింది.

పన్నెండూ పదికి షాపు ఎదురింటి మేడ మీద, చిన్నమ్మ గది ముందు ఉన్నాను. తలుపు మీద ఆసుపత్రి వాళ్ళిచ్చిన పసుపు కాగితం అతికించి ఉంది, దగ్గరికి రావద్దని. నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టర్ ఈ కాగితం సంగతి విని మెట్లెక్కలేదట. వీధిలో నిలబడి, ముక్కుకి రుమాలు కట్టుకుని, కిటికీలోకి అరుస్తూ ప్రశ్నలడిగాడట. జవాబులు చిన్నమ్మకంటే ముందు వీధిలోవాళ్ళే చెప్పారని గుండీల ముసలాయన నవ్వాడు.

నాకూ భయంగానే ఉంది. ఇంటికెళ్ళి పాపనెత్తుకోవాలి. నేనూ అదే మందు మింగబోతున్నాను, కాస్త ధైర్యం చెప్పండని బతిమాలాను. ఆరడుగుల దూరంలో, కిటికీ పక్కన కుర్చీ చూపించింది.

గది చూశాను. మంచం, కుట్టుమిషన్, గోడకి టేపు. కిటికీ గట్టు మీద గుండీల డబ్బా, సూదుల దిండు. చిన్నమ్మ మంచం మీద కూర్చుని చీర అంచు కుడుతోంది. అక్క పోయి ఒక రోజే అయింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతులు మాత్రం చక్కగా ఉన్నాయి. నా ఎదుటే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది. ఆవిడ నెలరోజులుగా సూదిలో దారం ఎక్కించలేక పక్కవాళ్ళకిస్తోందని నిన్న షాపులో విన్నాను.

"చేతులు ఎంత బాగా నిలిచాయి" అన్నాను, నా వేళ్ళు ఒళ్ళో దాచుకుంటూ.

"అదంతా ఆ మందు చలవే. నిన్న మింగాను, ఇవాళ చూడు."

దడ మాత్ర కూడా వేసుకుంటున్నారా అని అడిగితే, ఏ మాత్రా లేదంది. వారం ముందే అన్నీ ఆపేసిందట. మింగడం కష్టమా అని అడిగాను. కష్టమేముంది, నర్సు అట్ట చింపి చేతిలో పెట్టింది, నీళ్ళతో వేసుకున్నానంది.

నా గుండె అప్పటికే పరుగెడుతోంది, ఇంకో అడుగు ముందుకి దూకింది. చేతిలో పెట్టిందట. సీసపు డబ్బా ఊసే లేదు.

ఆసుపత్రి కాగితం ఒకసారి చూపిస్తారా, నాకూ అలాంటిదే ఇస్తారేమో అన్నాను. సంతోషంగా లేచింది. ఆ కాగితం చూపించాలనే ఆవిడ తాపత్రయం. బీరువా వైపు తిరగగానే గుండీల డబ్బా మూత ఎత్తాను. గుండీల మధ్య రోజువారీ మాత్రల అట్ట. టైలర్ల అలవాటు ఎక్కడికి పోతుంది, ముక్కముక్కకీ గుర్తు పెట్టాల్సిందే. ఒక్కో గుంట పక్కన నీలి పెన్సిల్‌తో రోజు రాసుంది. సో, మం, బు, గు. నాలుగూ ఖాళీ. వారం ముందే ఆపేసిన మాత్ర ఇవాళ పొద్దున కూడా మింగింది. దాని కిందే ఇంకో చిన్న అట్ట, దడ మాత్రలది. చేతులు నిలబెట్టింది ఆ దుప్పటే. ఫోన్‌తో రెండింటినీ ఫొటో తీసి మూత పెట్టాను. మూత చప్పుడైంది, నా చెయ్యి వణికి.

చిన్నమ్మ వెనక్కి తిరిగింది. డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. కాగితం మంచం అంచున పెట్టి దూరం జరిగింది. పదకొండూ అయిదు, గుండ్రటి ముద్ర, సంతకం. దాన్నీ ఫొటో తీసుకున్నాను.

"నువ్వు మందు కోసం రాలేదు" అంది.

"మందు కోసమే వచ్చానండీ. మీరు మింగని మందు."

ఆవిడ మళ్ళీ మంచం మీద కూర్చుంది. కుట్టు తీసుకుని, గొంతు తగ్గించి అంది. "వేళకి ముద్ర ఉంది. నువ్వేం నిరూపించినా ఆ వేళకి అక్కడ ఒక మనిషి మింగింది. నేను కాకపోతే ఎవరో చెప్పు చూద్దాం."

ఫోన్ సంచిలో వేసుకుని లేచాను. మెట్లు దిగి, నిన్న షాపులో ఎవరు ఏ వేళకి ఉన్నారో ఒక్కొక్కర్నీ అడుగుతూ రెండింటిదాకా తిరిగాను.

స్టేషన్‌కి చేరేసరికి రెండూ ముప్ఫై అయిదు. ఇన్‌స్పెక్టర్ టిఫిన్ డబ్బా కడిగించుకుంటున్నాడు. మూడేళ్ళుగా మా ఇద్దరికీ పడదు. ఒక దొంగతనం కేసులో ఆయన పట్టుకున్నవాణ్ణి నేను విడిపించాను. ఈమధ్య నా చెయ్యి వణుకు చూసి దడమ్మ అని పేరు పెట్టాడు. జీపు అప్పుడే బయల్దేరి వెళ్ళింది, వెనక సీట్లో ఇస్త్రీ అతను.

"ఏం దడమ్మా, ఆలస్యమైంది. నీ పావురం ఎగిరిపోయింది."

నేను ఫోన్ బల్ల మీద పెట్టాను. సీసపు డబ్బా సంగతి, దారం సంగతి, అట్ట మీద రోజులు, వరసగా చెప్పాను. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. భయంలో మనిషికి చేతిలో పెట్టారో నోట్లో పోశారో గుర్తుండదన్నాడు. ఆపమన్న మాత్ర ఆపకుండా మింగడం తెలివితక్కువతనం, నేరం కాదన్నాడు.

"నాకు ముద్ర ఉందమ్మా. నీకు గుండీల డబ్బా ఉంది. జడ్జి గారు దేన్ని చూస్తారు?"

"నిన్న మెట్లెక్కి ఉంటే ఆ డబ్బా మీకే దొరికేది. రుమాలు కట్టుకుని వీధిలో నిలబడ్డారు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకుంది. నా ఫోన్ లాక్కుని, ఆ కాగితం ఫొటో పెద్దది చేసి, నాకే పాఠం చెబుతున్నట్టు పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. పేరు సరే. పుట్టిన తేదీ సరే. వేలు కిందికి జరుగుతోంది. నేను పొద్దున్నుంచీ ఆ కాగితంలో చూసింది వేళ ముద్ర ఒక్కటే. చిన్నమ్మా అదే చూసి ఉంటుంది.

"కడుపుతో, లేరు. పిల్లలు, ఒక పాప. ఉప్పు, మానేశారు. పాలు..."

ఆయనే ఆగాడు. "చిన్నమ్మకి పాప ఎక్కడుంది?"

నేను ఫోన్ నా వైపు తిప్పుకున్నాను. పేరు నేర్పొచ్చు. పుట్టిన తేదీ బట్టీ పట్టించొచ్చు. మాస్కు పెట్టించి, సన్నటి మనిషిని ఇంకో సన్నటి మనిషి కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. కానీ పిల్లలెంతమంది అని అడిగితే తల్లి నోరు తనంతట తాను పలుకుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు నేర్పడం చిన్నమ్మకి తట్టలేదు, ఆవిడకి పిల్లలు లేరు కాబట్టి.

షాపులో అంత సన్నటి మనిషి, ఒక్క పాప ఉన్న మనిషి ఒక్కతే. నిన్న పొద్దున సెలవు పెట్టి, పన్నెండున్నరకి షాపుకొచ్చిన మనిషి. కత్తెర తనకొచ్చిందన్న మొహమాటంతో చిన్నమ్మ ఏమడిగినా కాదనలేని మనిషి. నాకు భయం, నా బదులు నువ్వు మింగిరా అంటే మింగి, సిస్టర్ చెప్పిన జాగ్రత్తలు చిన్నమ్మ జబ్బుకే అనుకుని కాగితాలు తెచ్చిచ్చి ఉంటుంది; ఆ ముద్రే చిన్నమ్మని కాస్తోందని ఆమెకి తెలియదు.

"కాజాలమ్మాయి" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. ఇప్పుడు ఆయన మొహంలో వేళాకోళం లేదు. ఆ అమ్మాయి నోరు విప్పితే చాలు, చిన్నమ్మ చెప్పిన వేళ అబద్ధమైపోతుంది, జీపుని వెనక్కి పిలుస్తానన్నాడు. వైర్‌లెస్ అందుకుని పిలిచేశాడు కూడా. నేను గెలిచాను. మూడేళ్ళలో మొదటిసారి ఆయన నా మాట విన్నాడు. కానీ నా కళ్ళు ఆ ఫొటోలో చివరి వరస మీదే ఉన్నాయి.

పాలు, మానేశారు. చాలా రోజులైంది.

పొద్దున సిస్టర్ నవ్విన నవ్వు చెవిలో మోగింది. ఉప్పు, పాలు మానేశారా అంటే మానేశానని చెప్పు, అని చిన్నమ్మ నేర్పి పంపి ఉంటుంది, పథ్యం సంగతనుకుని. ఆ పిల్లా టీలో పాలే అనుకుని ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను కదా. ఆమె పాపకి ఏడు నెలలు.

"ఆ అమ్మాయి ఎక్కడ?" అన్నాను. "నిన్నట్నుంచి ఇక్కడే బెంచీ మీద ఉంది కదా, ఎక్కడ?"

మొగుణ్ణి వదిలితే గానీ కదలనని నిన్న మధ్యాహ్నం షాపు నుంచి నేరుగా వచ్చి కూర్చుందని నాకు తెలుసు. పాప నిన్న పొద్దున్నుంచీ అమ్మమ్మ దగ్గర, సీసా పాల మీద. అంటే మందు మింగాక ఆమె ఇంకా బిడ్డ మొహం చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ గొంతులో చిన్న గర్వం ఉంది, తను రాక్షసుణ్ణి కాదని చూపించుకునే గర్వం. "పంపించేశానమ్మా. రవికంతా తడిసిపోయి ఏడుస్తుంటే చూడలేకపోయాను. పిల్లకి పాలిచ్చి వస్తానంది. జీపు వెళ్ళిన వెంటనే పంపాను."

ఆ మందు పాలలోకి దిగుతుంది, బిడ్డ గొంతులో గ్రంథి గోరంత అన్నాను. ఆయన మొహం తెల్లబడింది. ఫైల్లోంచి ఆమె నంబరు తీసి నేను ఫోన్ చేశాను. బల్ల సొరుగులో మోగింది. నిన్న సాక్ష్యం కోసమని ఆయనే తీసిపెట్టాడు.

గడియారం రెండూ నలభై తొమ్మిది. ఇల్లు నడకలో అరగంట. ఆమె నడవదు, పరుగెత్తుతుంది. పాలు గడ్డకట్టి నొప్పి పుట్టినప్పుడు, బిడ్డ ఏడుపు ఇంకా వినపడకపోయినా ఎలా పరుగెత్తుతామో నాకు తెలుసు.

ఆయన మోటార్‌సైకిల్ తీశాడు, నేను వెనక ఎక్కాను. ఆసుపత్రికి ఫోన్ చేసి సిస్టర్‌తో అరిచి చెప్పాను. బిడ్డకి ఒక్క గుక్క కూడా పట్టనివ్వొద్దు, తల్లీ బిడ్డల్ని వేరువేరు బళ్ళలో తీసుకురండి, ఈలోగా డాక్టర్ గారిని పిలుస్తానంది ఆవిడ. ఆ మాట మధ్యలోనే సందు మొదలైంది. ఎవరో ఇసుక పోయించుకున్నారు, బండి పోదు. దూకి పరుగెత్తాను.

నాడి లెక్కపెట్టలేదు. లెక్కకి అందదు. గొంతులో, చెవుల్లో, పళ్ళలో కొట్టుకుంటోంది. ఆ మూడంతస్తుల ఇంటి మెట్ల దగ్గరికొచ్చేసరికి పై నుంచి ఏడుపు వినపడింది. పసిబిడ్డ ఏడుపు, ఊపిరి బిగబట్టి గుక్కపెట్టే ఏడుపు. అంత తీపి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఏడుస్తోందంటే ఇంకా పట్టలేదన్నమాట.

మొదటి అంతస్తు. ఏడుస్తోంది. ఆపొద్దు తల్లీ, ఏడువు, ఇంకా ఏడువు అనుకుంటూ ఎక్కాను. రెండో అంతస్తులో కడ్డీ పట్టుకుని ఆగిపోయాను, కళ్ళ ముందు నల్లటి చుక్కలు. వెనక ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు, నన్ను దాటబోతున్నాడు. పైన ఒక తలుపు మూసి, గడియ వేసుకున్నారు. అవును, పరాయివాళ్ళు చూడకుండా తలుపు వేసుకుంటాం కదా, పాలిచ్చేటప్పుడు.

మూడో అంతస్తు చివరి మెట్టు మీద నా కాలు పడింది.

ఏడుపు ఆగింది.